ఉబ్బసం, అలర్జీ మందులు: ఏది ఎందుకు, ఎలా వాడాలి?

ఉబ్బసానికీ అలర్జీకీ వాడే మందుల్లో చాలావరకు దశాబ్దాలుగా పరీక్షకు నిలిచినవే. అయినా 'వాడుతూనే ఉన్నాను, గుణం కనిపించడం లేదు' అనే మాట తరచూ వినిపిస్తుంది. అలాంటప్పుడు మరింత గట్టి మందు కోసం వెతికే ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒక పనికి ఉద్దేశించిన మందును మరో పనికి వాడుతున్నామా? వాడిన మందు చేరాల్సిన చోటికి చేరుతోందా? మామూలు ఇన్‌హేలర్‌ను నొక్కినప్పుడు బయటికొచ్చే మందులో, పద్ధతి బాగా తెలిసినవారికి సైతం, ఊపిరితిత్తులకు చేరేది చాలాసార్లు పదో వంతు నుంచి ఐదో వంతు వరకే. మిగిలింది నోట్లోనూ గొంతులోనూ ఆగిపోతుంది. పద్ధతి తప్పితే ఆ కాస్త కూడా లోపలికి వెళ్లదు.

అందుకే ఇక్కడ మందుల పేర్ల కంటే వాటిని వాడే తీరుకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది వైద్యులు తేల్చాల్సిన విషయం. వారు రాసిన మందు వృథా పోకుండా చూసుకోవడం మాత్రం మన పని.

1. మందులన్నిటినీ ఒకచోట పెట్టి విడదీయండి

ఇంట్లో ఉన్న ఇన్‌హేలర్లు, ముక్కు స్ప్రేలు, మాత్రలు, సిరప్‌లు అన్నీ బల్ల మీద పెట్టండి. పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరును వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. ఈ ఒక్క పనితోనే కొన్ని చిక్కులు బయటపడతాయి. వేర్వేరు పేర్లున్న రెండు డబ్బాల్లో ఒకే మందు ఉండవచ్చు. జలుబు సిరప్‌లోనూ అలర్జీ మాత్రలోనూ అలర్జీని అణచే ఒకే మందు (యాంటీహిస్టమిన్) ఉండి, తెలియకుండానే రెట్టింపు మోతాదు పడుతూ ఉండవచ్చు.

ఇన్‌హేలర్లలో మొదట ఉపశమన మందులను ఒక పక్కకు తీయండి. ఆయాసం వచ్చినప్పుడు గాలిదారులను వెంటనే తెరిచేవి ఇవి. 1969లో వాడుకలోకి వచ్చిన సాల్బుటమాల్ వీటిలో అందరికీ తెలిసినది. శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాలను సడలిస్తుంది. అయిదు నిమిషాల్లో పని మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు గంటలు నిలుస్తుంది. చేతులు కాస్త వణకడం, గుండె దడదడలాడటం దాని మామూలు దుష్ప్రభావాలు.

రెండో పక్కన నివారణ మందులు పెట్టండి. బుడెసొనైడ్, ఫ్లూటికసోన్, బెక్లోమెటసోన్ వంటి పీల్చే స్టెరాయిడ్లు ఈ కోవలోవి. నాళాల లోపలి పొరలో నిత్యం రగులుతూ ఉండే వాపును ఇవి అణచివేస్తాయి. పీల్చిన వెంటనే ఏ మార్పూ తెలియదు. కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు గడిచాక 'ఈ మధ్య రాత్రిపూట దగ్గు లేదే' అని గుర్తొస్తుంది. చిక్కంతా ఇక్కడే. వెంటనే హాయినిచ్చేదాన్ని అసలు మందు అనుకుంటాం, ఏమీ తెలియనిదాన్ని అనవసరమని పక్కన పడేస్తాం.

డబ్బా రంగును బట్టి గుర్తుపెట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి. కంపెనీ మారితే రంగు మారవచ్చు.

2. ఉపశమన మందు ఒక్కదానితోనే నెట్టుకురావద్దు

సాల్బుటమాల్ కండరాన్ని సడలిస్తుందే గానీ వాపు జోలికి పోదు. బయటికి హాయిగానే ఉంటుంది, లోపల జబ్బు ముదురుతూ ఉంటుంది. ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువరించే జినా సంస్థ 2019లో ఈ విషయంలో తన పాత సలహాను మార్చుకుంది. 12 ఏళ్లు దాటినవారికి, ఉబ్బసం ఎంత స్వల్పంగా ఉన్నా, సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకూడదని, పీల్చే స్టెరాయిడ్ ఏదో ఒక రూపంలో తోడుండాలని చెప్పింది.

అలా ముందుకొచ్చినదే బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్. ఫార్మోటెరాల్ కొద్ది నిమిషాల్లోనే గాలిదారులు తెరుస్తుంది, 12 గంటల దాకా నిలుస్తుంది. దానితోపాటే వాపు తగ్గించే మందూ లోపలికి వెళుతుంది. అందుకే దీన్ని రోజువారీ నివారణకూ, ఆయాసం వచ్చినప్పుడూ రెండు విధాలా వాడమని వైద్యులు రాస్తుంటారు. అయితే జంట మందులన్నీ ఇలా పనికిరావు. సాల్మెటెరాల్, ఫ్లూటికసోన్ కలిసినదాన్ని ఆయాసం వచ్చినప్పుడల్లా పీల్చకూడదు. సాల్మెటెరాల్ పని మొదలుపెట్టడానికి సమయం తీసుకుంటుంది. స్టెరాయిడ్ తోడు లేకుండా సాల్మెటెరాల్‌ను గానీ ఫార్మోటెరాల్‌ను గానీ ఉబ్బసంలో ఒంటరిగా వాడటం ప్రమాదకరమని రుజువైంది.

మీ ఉబ్బసం అదుపులో ఉందో లేదో చెప్పే సులువైన లెక్క ఒకటుంది. 200 పఫ్‌ల (ఒకసారి నొక్కితే వచ్చే మందు ఒక పఫ్) సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి ఎన్ని ఖాళీ అవుతున్నాయి? మూడు, అంతకంటే ఎక్కువైతే తీవ్రమైన ఆయాసం ముంచుకొచ్చే ముప్పు పెరుగుతుంది. పన్నెండు దాటితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. ఖాళీ డబ్బాలను వెంటనే పారేయకుండా వాటి మీద తేదీ రాసి ఉంచితే, వైద్యుల ముందు అవే మాట్లాడతాయి.

స్టెరాయిడ్ అనగానే భయపడేవారికి ఒక మాట. పీల్చే బుడెసొనైడ్ ఒక పఫ్‌లో ఉండేది మామూలుగా 100 నుంచి 200 మైక్రోగ్రాములు. ఉబ్బసం దాడి (ఒక్కసారిగా ముంచుకొచ్చే ఆయాసం) తీవ్రమైనప్పుడు పెద్దవారికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండింటి బలం ఒకటి కాదు, నిజమే. కానీ అంతరం ఎంతో ఆ అంకెల్లోనే కనిపిస్తుంది. నివారణ మందు మానేసి దాడి తెచ్చుకుంటే, భయపడిన స్టెరాయిడే ఎన్నో రెట్ల మోతాదులో మింగాల్సి వస్తుంది. పిల్లల్లో దీర్ఘకాలం వాడితే ఎదుగుదలలో సుమారు ఒక సెంటీమీటరు తేడా కనిపించవచ్చు. దాన్ని దాచనక్కరలేదు. ఊపిరి అందక నిద్ర చెడి, ఆటపాటలకు దూరమయ్యే బాల్యంతో పోల్చి తూకం వేసుకోవాలి. ఇన్‌హేలర్ వ్యసనంలా పట్టుకుంటుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

3. ఇన్‌హేలర్ పీల్చే పద్ధతి

ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి. లోహపు డబ్బాను నొక్కితే మందు తుంపరగా వచ్చేది ఒక రకం. ఇది 1956 నుంచి ఉంది. మన శ్వాసతోనే పొడిని లాక్కోవాల్సింది ఇంకో రకం. రెండింటికీ పీల్చే తీరు పూర్తిగా వేరు. మొదటిది నెమ్మదిగా పీల్చాలి, రెండోది బలంగా పీల్చాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినవారు పాత అలవాటునే కొనసాగించడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

నొక్కే ఇన్‌హేలర్ అయితే ఇలా చేయండి.

మూత తీసి లోపల దుమ్మూధూళీ లేవని చూడండి. బాగా ఆడించండి. కొత్తదైనా, చాలా రోజులుగా వాడనిదైనా ముందు గాల్లోకి కొన్ని సార్లు నొక్కి వదలండి. ఎన్నిసార్లో దానితో వచ్చే కాగితంలో ఉంటుంది. నిటారుగా కూర్చోండి లేదా నిలబడండి. ఊపిరిని వీలైనంత బయటికి వదలండి. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. ఊపిరితిత్తుల నిండా పాత గాలి ఉంటే మందుకు చోటెక్కడిది? పెదవులతో గొట్టాన్ని గట్టిగా మూసి, నోటితో నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టండి. మొదలుపెట్టిన మరుక్షణమే డబ్బాను ఒకసారి నొక్కండి. నొక్కాక ఆపకండి, నాలుగైదు సెకన్ల పాటు పీలుస్తూనే ఉండండి. గొట్టం తీసి పది సెకన్లు ఊపిరి బిగబట్టండి. అంతసేపు కుదరకపోతే కుదిరినంత. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగి, డబ్బాను మళ్లీ ఆడించి మొదటి నుంచీ చేయండి.

అద్దం ముందు నిలబడి ఒకసారి చేసి చూడండి. నోటి అంచుల నుంచో ముక్కు నుంచో తెల్లని పొగలా బయటికొస్తే ఆ పఫ్ లెక్కలోకి రాదు.

నొక్కడమూ పీల్చడమూ ఒకేసారి కుదరనివారికి స్పేసర్ ఉంది, ఇన్‌హేలర్‌కు తగిలించే వెడల్పాటి గొట్టం అది. నన్నడిగితే నొక్కే ఇన్‌హేలర్ వాడే ప్రతి ఒక్కరికీ అది ఉండాలి. ఈ గొట్టంలోకి వెళ్లిన మందులో పెద్ద తుంపరలు గోడలకు అంటుకుంటాయి, సన్నవి గాల్లో తేలుతూ ఊపిరితో లోపలికి చేరతాయి. దాంతో గొంతులో పడేది తగ్గుతుంది. ఒకసారికి ఒక పఫ్ మాత్రమే నొక్కండి. నాలుగు పఫ్‌లూ కలిపి నొక్కి ఒకేసారి పీల్చితే అందేది తగ్గిపోతుంది. చిన్న పిల్లలకు మాస్కును ముఖానికి సందు లేకుండా ఆనించి, అయిదారు సార్లు మామూలుగా ఊపిరి తీసుకోనివ్వండి. పిల్లవాడు ఏడుస్తుంటే మందు లోపలికి సరిగా వెళ్లదు. శాంతింపజేశాకే మొదలుపెట్టండి. స్పేసర్‌ను సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి, మందు కణాలను గోడలకు లాగేసుకుంటుంది.

పొడి ఇన్‌హేలర్ సంగతి వేరు. మందును సిద్ధం చేసుకున్నాక ఆడించకూడదు. ఊపిరి వదిలేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. గొట్టంలోకి ఊదితే తేమ చేరి పొడి గడ్డకడుతుంది. ఆ తర్వాత మొదటి క్షణం నుంచే వేగంగా, బలంగా, లోతుగా పీల్చాలి. క్యాప్సూల్ పెట్టుకునే రకమైతే, పీల్చాక తెరిచి చూడండి. లోపల పొడి మిగిలి ఉంటే ఇంకోసారి పీల్చండి. ఆ క్యాప్సూళ్లను నీళ్లతో మింగేసేవారు కూడా ఉన్నారు. కడుపులోకి వెళ్లినది ఊపిరితిత్తులకు పనికిరాదు. ఇంట్లో పెద్దవారికి ఇవి రాసి ఇస్తే మొదటి రోజు దగ్గరుండి చూడండి.

స్టెరాయిడ్ ఉన్న ఏ ఇన్‌హేలర్ వాడినా తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద, గొంతులో తెల్లని పూతలా ఫంగస్ పట్టవచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. పళ్లు తోముకునే ముందు పీల్చే అలవాటు చేసుకుంటే పుక్కిలింత దానంతటదే అయిపోతుంది.

ఇక డబ్బా ఖాళీ అయిందా అన్న ప్రశ్న. మందు అయిపోయినా తుంపర కొంతకాలం వస్తూనే ఉంటుంది. నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పాత పద్ధతి నమ్మదగినది కాదు. మిగిలిన పఫ్‌ల అంకె చూపే సూచిక ఉంటే దాన్నే చూడండి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ రాసి, రోజుకు ఎన్ని పఫ్‌లో లెక్కగట్టండి.

మందును సన్నని తుంపరగా మార్చి మాస్కు ద్వారా ఇచ్చే యంత్రం, నెబ్యులైజర్, ఎక్కువ బలమైనదన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఒక మోస్తరు దాడుల్లో స్పేసర్‌తో పీల్చిన సాల్బుటమాల్ దానికి ఏమాత్రం తీసిపోదు. పైగా సంచిలో పడుతుంది, కరెంటు అక్కరలేదు.

4. ముక్కు మందులు

ముక్కుదిబ్బడ, తుమ్ములు, నీళ్లు కారడం నెలల తరబడి వేధిస్తుంటే మాత్రల కంటే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే ఎక్కువ మేలు చేస్తుంది. ముఖ్యంగా దిబ్బడకు. ఫ్లూటికసోన్, మొమెటసోన్ ఈ రకానివి. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు కాబట్టి మూడో రోజే నిరాశపడి మానేయకండి.

ముందు ముక్కు చీదండి. కుండెడు కఫం మీద చల్లిన మందు పొరను తాకదు. తల కొద్దిగా ముందుకు వంచండి. కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో స్ప్రే పట్టుకోండి. ఇలా చేస్తే దాని మొన మధ్య గోడకు కాకుండా బయటివైపు, అదే పక్క చెవి దిశగా తిరుగుతుంది. మధ్య గోడకే రోజూ కొడితే పొర ఎండి రక్తం కారుతుంది. నొక్కాక నెమ్మదిగా, మామూలుగా ఊపిరి తీసుకోండి. బలంగా ఎగబీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. అజెలాస్టిన్ అనే అలర్జీ స్ప్రే వాడేవారికి నోరు చేదెక్కిందంటే జరిగింది అదే.

ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. వాటితో తంటా కూడా అదే. రక్తనాళాలను బలవంతంగా ముడుచుకునేలా చేస్తాయి గనుక, మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికంటే ఎక్కువగా మూసుకుపోతుంది. దాన్ని తెరవడానికి మళ్లీ అవే చుక్కలు. నెలలూ సంవత్సరాలూ ఈ వలయంలో చిక్కుకున్నవారు ఉన్నారు. వైద్యుల సాయంతో స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి చుక్కలు మానడం దీనికి దారి. నోటితో మింగే ఫినైలెఫ్రిన్ దిబ్బడకు పనిచేయదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023లో తేల్చింది. జలుబు మాత్రల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంది.

5. అలర్జీ మాత్రలు

అలర్జీలో వెలువడే హిస్టమిన్ దురద, తుమ్ములు, దద్దుర్లు తెస్తుంది. దాన్ని అడ్డుకునేవి యాంటీహిస్టమిన్లు. పాత తరంవి క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్. ఇవి మెదడులోకి చేరి మగత తెస్తాయి, చురుకుదనాన్ని మందగింపజేస్తాయి. మరుసటి ఉదయం నిద్రమత్తు లేదనిపించినా బండి నడిపేటప్పుడు ప్రతిస్పందన మందగించే ఉండవచ్చు. వృద్ధుల్లో తికమక, మూత్రం ఆగిపోవడం, పడిపోవడం వంటివి జరగవచ్చు. రోజువారీ అలర్జీకి వీటిని వాడటానికి ఈ కాలంలో పెద్దగా కారణం లేదు.

కొత్త తరంలో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ఉన్నాయి. వీటిలో సెట్రిజిన్ కొందరికి కాస్త మగత తెస్తుంది. ఫెక్సోఫెనడిన్‌తో ఆ బాధ చాలా తక్కువ. కానీ దాన్ని మంచినీళ్లతోనే మింగాలి. నారింజ, ఆపిల్, గ్రేప్‌ఫ్రూట్ రసాలు దాని శోషణను తగ్గిస్తాయి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లదీ అదే వరస. కిడ్నీ జబ్బు ఉంటే సెట్రిజిన్ మోతాదు తగ్గించాల్సి ఉంటుంది. దాన్ని నెలల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా మానేసిన కొందరిలో ఒళ్లంతా తీవ్రమైన దురద రావచ్చని ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది. అది పాత అలర్జీయే తిరగబెట్టిందనుకొని కంగారుపడకుండా వైద్యులను అడగండి.

అలర్జీ చర్మపరీక్షకు వెళ్లేముందు ఈ మాత్రలు కొన్ని రోజులు ఆపాలి. లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. యాంటీహిస్టమిన్ ఉబ్బసానికి మందు కాదు.

6. మిగతా మాత్రలు, సీఓపీడీ మందులు

మాంటెలుకాస్ట్ ఉబ్బసానికీ ముక్కు అలర్జీకీ రెండింటికీ రాస్తారు. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో ఎఫ్‌డీఏ దానికి అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. పిల్లవాడి ప్రవర్తన మారిందనిపిస్తే ఈ మాత్ర ఎప్పుడు మొదలైందో గుర్తుచేసుకోండి.

థియోఫిలిన్‌లో మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు తోడైతే రక్తంలో దాని మట్టం పెరుగుతుంది. సిగరెట్లు మానేసినా పెరుగుతుంది. మానేసిన సంగతి వైద్యులకు తప్పక చెప్పండి. వాంతులు, గుండె దడ దాని హెచ్చరికలు.

గాలిదారులు ఏళ్ల తరబడి ఇరుకై ఉండిపోయే ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ. అందులో వరస తిరగబడుతుంది. అక్కడ పునాది టియోట్రోపియం వంటి, దీర్ఘకాలం గాలిదారులను తెరిచి ఉంచే మందులు. టియోట్రోపియం రోజుకు ఒకసారి చాలు. స్టెరాయిడ్ అవసరమైనవారికే జోడిస్తారు. టియోట్రోపియం పొడి కంట్లో పడకుండా చూసుకోవాలి, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

7. ఊపిరికి అడ్డుపడే ఇతర మందులు

ఉబ్బసం ఉన్నవారు ఏ వైద్యుల దగ్గరికి వెళ్లినా, కంటి వైద్యులతో సహా, ఆ సంగతి ముందే చెప్పాలి. గ్లకోమాకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఆయాసం తెప్పించగలవు. రక్తపోటుకూ గుండె దడకూ వాడే ప్రొప్రనొలాల్ మాత్ర కూడా అంతే. కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ పడవు. వేసుకున్న కొన్ని గంటల్లోపే ముక్కు మూసుకుపోయి ఊపిరి బిగుస్తుంది. వారాల తరబడి పొడి దగ్గు వేధిస్తూ అలర్జీ మందులకు లొంగకపోతే రక్తపోటు మందు పేరు చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి ఆ దగ్గు తెస్తాయి. మందు మారిస్తే దగ్గు పోతుంది. అయితే దాన్ని మీకు మీరే ఆపకండి.

8. ప్రాణం మీదికి వచ్చినప్పుడు

వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మగత, పీల్చినా ఉపశమనం రాకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యసాయం పిలవండి. వచ్చేలోపు నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కొక్క పఫ్, అర నిమిషం నుంచి నిమిషం తేడాతో, పది పఫ్‌ల వరకు ఇవ్వండి. పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి మనిషి నీరసించిపోతుంటే అది నయమవడం కాదు, గాలి కదలికే తగ్గిపోవడం.

కీటకం కుట్టాకో, మందు వేసుకున్నాకో దద్దుర్లతోపాటు గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం, పదేపదే వాంతులు వస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం తీయగల తీవ్ర అలర్జీ. అప్పుడు మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. దాన్ని తొడ మధ్యభాగంలో, బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఆగితే విలువైన నిమిషాలు పోతాయి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి, ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వండి. లేపి నడిపించవద్దు. తగ్గకపోతే అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో రెండో మోతాదు ఇవ్వవచ్చు. తగ్గినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉంది.

9. మోతాదు పెంచడం, తగ్గించడం

వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లి, వారి ముందే పీల్చి చూపించండి. మోతాదు పెంచాల్సిన అవసరం చాలాసార్లు అక్కడికక్కడే తప్పిపోతుంది. గర్భిణులు నివారణ మందు మానేయకూడదు. అదుపు తప్పిన ఉబ్బసమే తల్లికీ బిడ్డకీ ఎక్కువ ముప్పు.

ఉబ్బసం రెండు మూడు నెలల పాటు పూర్తి అదుపులో ఉంటే మోతాదు తగ్గించే మాట ఎత్తవచ్చు. అలర్జీ తిరగబెట్టే కాలమో, జలుబుతో ఉన్నప్పుడో, ప్రయాణానికి ముందో కాకుండా చూసుకోండి. స్టెరాయిడ్ మోతాదును ఒక్కో విడతలో పావు వంతు నుంచి సగం వరకు తగ్గించి, మూడు నెలలు గమనించాకే తర్వాతి విడతకు వెళ్తారు. ఆ రోజుల్లో రాత్రి దగ్గు, పొద్దున ఛాతీ బిగుతు, ఉపశమన మందు ఎన్నిసార్లు పీల్చారు అన్నవి రాసుకోండి. ఇంట్లో పీక్ ఫ్లో మీటర్ (ఊపిరిని ఎంత వేగంగా వదలగలరో కొలిచే పరికరం) ఉంటే రోజూ ఒకే వేళకు ఊది ఆ అంకెనూ పక్కనే వేయండి. మీ అత్యుత్తమ అంకెలో 80 శాతం కంటే కిందికి జారడం మొదలైతే తర్వాతి విడతను ఆపి వైద్యులకు ఫోను చేయండి. సగం కంటే తగ్గితే ఫోనుతో సరిపెట్టకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.